సరిగంగకు పన్నెండు భేదాలు

పుష్కరాలకొచ్చే జనం గోదారిలో మునగడం, తువ్వాలు పిండుకోవడం, తెచ్చుకున్న పొట్లం విప్పుకు తినడం, ఇంటికి పోవడం తప్ప మరేమీ చెయ్యడం లేదన్న సంగతి ప్రభుత్వం వారి దృష్టికి మూడో రోజున వచ్చింది.

అంతకుముందే ఒక పెద్దమనిషి ఒక పెద్ద సభలో "తీర్థమంటే ఉత్త నీళ్ళు కాదు, భిన్న సంస్కృతుల సమ్మేళనం" అని సెలవిచ్చాడు. మంచి మాటే, చప్పట్లు కూడా కొట్టారు. అక్కడితో ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ మంచి మాట వినపడ్డాక ఊరుకుంటే అది ప్రభుత్వం ఎందుకవుతుంది? వెంటనే 'యాత్రిక వైవిధ్యానుభూతి ప్రాధికార సంస్థ' అని ఒకటి పుట్టింది. పుట్టిన మర్నాడే సర్వే చేసింది. రేవు మెట్ల మీద తలలు తుడుచుకుంటున్న వాళ్ళని పట్టుకుని, "మీరు ఏయే సంస్కృతులను అనుభవించితిరి?" అని అడిగితే నూటికి తొంభై ఏడుగురు, "మా ఊరోళ్ళతో వచ్చేం బాబూ, మా ఊరోళ్ళతో మునిగేం, మా ఊరోళ్ళతోనే పోతన్నాం" అన్నారు. మిగిలిన ముగ్గురూ తప్పిపోయినవాళ్ళు.

సంస్థ గుండెలు బాదుకుంది. ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. ఇకమీదట ఏ యాత్రికుడూ స్వసంస్కృతీయులతో కలిసి స్నానం ఆచరించరాదు. ఎనిమిది భాషలవాళ్ళు ఎనిమిదిమంది కలిస్తే ఒక 'అష్టసంస్కృతి దళం'. దళంలో ఒక భాషకి ఒక్కరే. ఎనిమిదిమందీ ఒకరి భాషలో ఒకరు నమస్కారం చెప్పుకుని, ఒకరి తిండి ఒకరు ఒక్కో ముద్ద తిని, తలా ఒక పాట పాడాక, చేతిమీద ముద్ర వేయించుకుని అప్పుడు మునగాలి.

ఈ సంగతులేవీ తెలియని పంపన సూర్రావు, భార్య మంగతాయారుని వెంటబెట్టుకుని పన్నెండో రోజున, అంటే పుష్కరాల ఆఖరి రోజున, చింతలరేవులో బస్సు దిగాడు. మొదటి పదకొండు రోజులూ జనం ఎక్కువగా ఉంటారని ఆగాడు. అందరూ అలాగే ఆగినట్టున్నారు, రేవంతా ఇసకేస్తే రాలనట్టుంది.

సూర్రావు కాలవ లాకుల దగ్గర లస్కరుగా ముప్పై అయిదేళ్ళు చేసి రిటైరయ్యాడు. పడవ వస్తే లాకు తలుపులు తెరవడం, లోపలికొచ్చాక ముయ్యడం, నీళ్ళు సమానమయ్యాక మళ్ళీ తెరవడం, అదీ ఉద్యోగం. మంగతాయారు అవతలి ఒడ్డున లంక ఊరి పిల్ల. పెళ్ళయి నలభై రెండేళ్ళు. ఆవిడకి ఇంక మిగిలిన కోరిక ఒకటే, సరిగంగ స్నానం. మొగుడి కండువాకీ పెళ్ళాం కొంగుకీ ముడేసి, చెయ్యీ చెయ్యీ పట్టుకుని, పుష్కర గోదారిలో మూడు మునకలు వెయ్యడం. అలా మునిగితే జన్మజన్మలకీ ఆ మొగుడే దొరుకుతాడంటారు. "అది వరమో శిక్షో ఆలోచించుకోవాలి" అని ఆవిడే నవ్వేది గానీ, కోరిక మాత్రం వదల్లేదు.

పెళ్ళయ్యాక వచ్చిన మొదటి పుష్కరాలకి ఆవిడ పురిట్లో ఉంది. రెండోసారి సూర్రావుకి లాకు డ్యూటీ. మూడోసారి పెత్తండ్రి పోయి మైల. ఇప్పుడావిడకి అరవై దాటాయి, మోకాళ్ళు రెండూ మొరాయిస్తున్నాయి. "పన్నెండేళ్ళకి గోదారెలాగూ ఉంటుంది, నేనే ఉండను. ఈసారి కాకపోతే ఇంక లేదండీ" అంటూ బస్సెక్కింది.

రేవుకి అడ్డంగా 'వైవిధ్య ద్వారం' అని పెద్ద బోర్డు. దాని కింద బల్ల ముందు ఒక ఉద్యోగిని కూచుని ఉంది.

"మాతృభాష?" అంది తలెత్తకుండా.

"తెలుగండి."

"ఇద్దరూనా?" అని ఆవిడ కలం కింద పడేసింది. "పొద్దుట్నించీ ఎవర్ని కదిలించినా తెలుగే! తెలుగు నిల్వ నలభై వేలు దాటిపోయింది. అక్కడ కన్నడం నిండుకుంది, కాశ్మీరీ అసలు రానేలేదు. మీకు ఇంకే భాషా రాదా?"

"పడవలోళ్ళ దగ్గర ఒరియా రెండు ముక్కలు పట్టుబడ్డాయండి" అన్నాడు సూర్రావు ఆశగా. "అయితే తిట్లేనండి."

"తిట్లు సంస్కృతి కిందికి వస్తాయో రావో పైవారిని స్పష్టత కోరాం. ఇంకా రాలేదు" అని, సూర్రావుకి 412వ దళం, మంగతాయారుకి 417వ దళం చీటీలు చేతిలో పెట్టింది.

దళాలు కూర్చే పందిట్లోకి వెళ్ళాక గానీ అసలు చిక్కు అర్థం కాలేదు. తెలుగుదేశంలో గోదారి ఒడ్డున తెలుగువాళ్ళకి కొదవేముంది? కొదవంతా మిగతా ఏడు భాషలకే. అంచేత దొరికిన పరభాషీయుల్నే తిప్పి తిప్పి ముంచుతున్నారు. 417వ దళంలో గోవింద్‌రామ్ అని రాజస్థాన్ పెద్దాయన ఒకాయన ఉన్నాడు. డెబ్భై ఏళ్ళుంటాయి. భార్యతో కలిసి ఒక్క మునక వేసి పోదామని ఆరు రోజుల కిందట వచ్చాడు. భార్యని ఆడవాళ్ళ కొరత ఉందని పక్క రేవుకి తీసుకుపోయారు. ఆయనకి ఆ రోజుకి అప్పటికి ఇరవై మూడు స్నానాలయ్యాయి. తలపాగా నించి నీళ్ళు కారుతున్నాయి, పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. కనపడ్డ ప్రతివాళ్ళకీ దణ్ణం పెట్టి, "ఇంక చాలు బాబూ" అంటున్నాడు. ఆ ఒక్క ముక్కా ఆరు రోజుల్లో నేర్చుకున్నాడు. పక్కనున్న పరిశీలకుడు అది విని, 'పరభాషా సముపార్జన: మిక్కిలి సంతృప్తికరం' అని రాసుకున్నాడు.

"అయ్యో, ముందు ఆయనకి పొడిబట్ట ఇవ్వండి, చచ్చిపోతాడు!" అని మంగతాయారు తన సంచీలోంచి కొత్త తువ్వాలు తీసి ఇచ్చింది. పరిశీలకుడు 'వస్తు వినిమయం: ఒకటి' అని అదీ రాసుకున్నాడు.

సూర్రావు చీటీలు పట్టుకుని ఆ రేవుకి అధికారి ఎవరో వెతుక్కుంటూ పోయాడు. అనుభూతి సమన్వయాధికారి మృత్యుంజయరావు కూలరు ముందు కూచుని ఉన్నాడు. మెడలో మూడు బిళ్ళలు వేలాడుతున్నాయి.

"బాబూ, మేం సరిగంగకొచ్చేం. మా ఇద్దరికీ వేరువేరు చీటీలిచ్చేరు" అన్నాడు సూర్రావు.

"సక్రమంగానే ఇచ్చారు" అన్నాడు మృత్యుంజయరావు ఎంతో ఓపిగ్గా. "చూడండి, మీరిద్దరూ ఒకే భాష మాట్లాడుతారు. ఒకే పొయ్యి మీద వండినది భుజిస్తారు. ఒకే కప్పు కింద నిద్రిస్తారు. మీ మధ్య వైవిధ్య సంభావ్యత శూన్యం. ఇద్దరు ఏకసంస్కృతీయులు చేతులు పట్టుకుని మునిగితే సంస్థ మౌలిక లక్ష్యాలకు విఘాతం కలుగుతుంది."

"మొగుడూ పెళ్ళాలమండీ!"

"ఆ సంబంధాన్ని సంస్థ గౌరవిస్తుంది. గుర్తించదు."

"మరి సరిగంగ ఎలాగండీ?"

"సరిగంగను మేము రద్దు చేయలేదే! విస్తరించాం" అని మృత్యుంజయరావు ఒక కాగితం తిప్పాడు. "మీ శ్రీమతిగారి కొంగును 417వ దళంలోని రాజస్థానీ యాత్రికుని ఉత్తరీయానికి ముడివేసే ఏర్పాటు ఉన్నది. మీకు 412లో ఒక మరాఠీ మహిళ లభ్యంగా ఉన్నారు. కొంచెం పెద్దవారు."

అప్పుడే వెనకాల వచ్చి నిలబడ్డ మంగతాయారు ఆ మాట వింది. అందుకుంది, ఇంక ఆగలేదు.

"నా కొంగు తీసుకెళ్ళి ఇంకో ఆడదాని మొగుడి కండువాకి కడతారా! మీ ఇంట్లో ఆడోళ్ళు లేరా బాబూ? మీ ఆవిడ కొంగు ఎవరి కండువాకి కట్టొచ్చేరు?"

"అమ్మా, ఉద్వేగాలు స్నానానంతర పత్రంలో నమోదు చేయవచ్చు" అన్నాడు మృత్యుంజయరావు. కానీ ఆవిడ గొంతు విని పందిరంతా అటు తిరగడంతో కాస్త తగ్గి, "నిబంధనలో ఒక మినహాయింపు లేకపోలేదు. మీరు 'అంతస్సాంస్కృతిక దంపతులు' అని రుజువైతే కలిసి మునగవచ్చు. మీ ఇద్దరి మధ్య పన్నెండు భేదాలు ఉన్నట్టు భేద నిర్ధారణ సంఘం ధ్రువీకరించాలి. పుష్కరం గనక పన్నెండు. ద్వారాలు అయిదింటికి మూసివేస్తాం" అన్నాడు.

భేద నిర్ధారణ సంఘం వేరే గుడారంలో ఉంది. అధ్యక్షులు ఆచార్య విరూపాక్షంగారు, ఆయన పక్కన తలూపడానికి ఇద్దరు సభ్యులు. వరస వచ్చేసరికి మూడున్నరయింది.

"మీ మధ్య గల భేదాలను నిర్భయంగా నివేదించండి" అన్నాడు విరూపాక్షం.

సూర్రావు, మంగతాయారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"తేడాలేవున్నాయండీ, నలభై రెండేళ్ళు కాపరం చేశాక" అన్నాడు సూర్రావు.

"లేకేం, చేపల పులుసులో ఈయనకి చింతపండే పడాలండి" అంది మంగతాయారు. "మా లంకల్లో మావిడికాయ వేస్తాం. మావిడికాయేస్తే ముట్టుకోరు."

"అది పులుసా? పచ్చడి!"

"ఒకటి" అన్నాడు విరూపాక్షం ఉత్సాహంగా.

"నాకు ఫేను కావాలండి, ఆవిడకి అక్కర్లేదు."

"అది శీతోష్ణస్థితి భేదం. సగం ఇస్తాం."

"సగవేంటండీ! ఫేను కోసం ఈయన వీధిగదిలో పడుకుంటారు. ఆ గురక వినపడకుండా నేను పెరటి గదిలో పడుకుంటాను."

గురక సంస్కృతి అవునా కాదా అన్నదాని మీద సంఘంలో పది నిమిషాలు చర్చ జరిగింది. చివరికి ఇద్దరు ఔననీ ఒకరు కాదనీ ఓటేశారు. 'నాద సంప్రదాయ భేదం' అని రాసి, ఫేనుకిచ్చిన సగాన్ని కూడా పూర్తి చేశారు. ఆ తరవాత జోరందుకుంది. శనివారం ఉపవాసం ఒకరిది, శనివారం బజ్జీలు మరొకరివి. ఆవిడ మొక్కులు ఊరమ్మవారికి, ఈయన దణ్ణాలు ఆంజనేయస్వామికి. ఆవిడ వైపు చుట్టాలొస్తే ఈయనకి నడుం నొప్పి, ఈయన వైపు వాళ్ళొస్తే ఆవిడకి నోరు నొప్పి. గుడారం బయట జనం చేరి, "అద్గదీ, చెప్పవమ్మా!" అని ఎగదోస్తున్నారు. మంగతాయారుకి మోకాళ్ళ నొప్పి కూడా మరుపుకొచ్చి, మధ్యలో నవ్వేసింది. నాలుగూ ఇరవై అయ్యేసరికి పదకొండు తేలాయి.

పన్నెండోది దొరకలేదు. ఏది చెప్పినా ముందు చెప్పినదానిలోకే వస్తోంది. ఊరగాయ అంటే, "ఆహార భేదం పులుసులోనే జమ అయింది" అన్నాడు విరూపాక్షం. గడియారం చూసుకుని కాగితాల కట్టకి తాడు చుట్టడం మొదలెట్టాడు. "పదకొండు భేదాలు మాత్రమే కలవు గనుక, మీరు ఏకసంస్కృతీయులుగా నిర్ధారించడమైనది."

మంగతాయారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసేసరికి సూర్రావు ఇంకేమీ ఆలోచించలేదు.

"ఉందండీ! ఇంకోటుంది! నేను పుష్కర స్నానం చేశానండీ, ఆవిడ చెయ్యలేదు!"

"ఎప్పుడు?" అన్నాడు విరూపాక్షం.

"ఎప్పుడూ?" అంది మంగతాయారు.

నోరు జారిందని సూర్రావుకి అప్పటికి తెలిసింది. కానీ విరూపాక్షం తాడు విప్పేశాడు. "సందర్భసహితంగా వివరించవలెను. వివరం లేని భేదం చెల్లదు" అన్నాడు. చెప్తే పెళ్ళాంతో తంటా, చెప్పకపోతే పెళ్ళాం కోరిక గోదారి పాలు. సూర్రావు నేల చూపులు చూస్తూ చెప్పాడు.

"రెండోసారి పుష్కరాలకండి. డ్యూటీ లేదండి. లాకు కట్టేసి లస్కర్లందరం పడవేసుకుని రేవుకెళ్ళేం."

"ధర్మపత్నిని ఏల తీసుకుపోలేదు?"

"అందరి ముందూ ముడేసుకుని తిరిగితే... పెళ్ళాం కొంగు పట్టుకు తిరుగుతున్నాడని ఏడిపిస్తారనండి. సిగ్గేసింది. డ్యూటీ పడిందని అబద్ధం చెప్పేను."

విరూపాక్షం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఇద్దరు సభ్యులూ లేచారు. "అపూర్వం!" అన్నాడు. "ఒకే కప్పు కింద ఇరవై నాలుగు సంవత్సరాలు ఒకరి అనుభవం మరొకరికి తెలియక! ఇంతటి సాంస్కృతిక దూరం రెండు రాష్ట్రాల మధ్య కూడా మాకు లభించలేదు. ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులు!" అని స్వయంగా ముద్ర కొట్టి, ధ్రువపత్రానికి ప్లాస్టిక్ తొడుగు కూడా వేయించి ఇచ్చాడు. బయట జనం చప్పట్లు కొట్టారు.

మంగతాయారు ధ్రువపత్రం వైపు చూడలేదు.

"ఆ రోజు చెంబుతో గోదారి నీళ్ళు తెచ్చేరు" అంది నెమ్మదిగా. "డ్యూటీలో కదల్లేకపోయేను, ఎవర్నో అడిగి నీకోసం తెప్పించేనన్నారు. నేను కళ్ళకద్దుకుని, పిల్లల నెత్తిన జల్లి, మిగిలింది తలమీద పోసుకున్నాను. ఎండలో మాడి వచ్చేరని మీకు పరవాన్నం వండి పెట్టేను. రెండుసార్లు వడ్డించుకున్నారు. ఎలా తిన్నారండీ?"

జవాబు కోసం ఆగకుండా గుడారంలోంచి వెళ్ళిపోయింది.

సూర్రావు ధ్రువపత్రం పట్టుకుని పరిగెట్టాడు. ఆవిడ రేవు పై మెట్టు మీద గోదారికి వీపు పెట్టి కూచుని ఉంది. మైకులో, "యాత్రికులకు విజ్ఞప్తి. వైవిధ్య ద్వారములు మరి ఇరవై అయిదు నిమిషములలో మూసివేయబడును" అంటున్నారు.

"తాయారూ, లేవే. టైమైపోతోంది."

"మీ లస్కర్లని తీసుకెళ్ళండి."

"తప్పయిపోయిందే. బుద్ధి గడ్డి తింది."

"అయితే పన్నెండేళ్ళు ఆగండి. నేను ఆగలేదూ?"

అనేసి, లేచి మంచినీళ్ళ కుళాయి వైపు నడిచింది. సూర్రావు చుట్టూ చూశాడు. వేలమంది జనం. వాళ్ళలో వాళ్ళ ఊరివాళ్ళే నలభైమంది. ఇంక ఆలోచిస్తే ఇదీ అవదని, గబగబా వెళ్ళి తన కండువా కొసని ఆవిడ కొంగుకి ముడేశాడు. ఆవిడ లాక్కుంది. ముడి ఊడలేదు.

"వదలండి!"

"వదల్ను."

ఆవిడ కుళాయి దగ్గరికి పోతే వెనకాలే పోయాడు. ఆవిడ కావాలనే ఆడవాళ్ళ వరసలో దూరింది. ఈయనా దూరాడు. పోలీసు విజిలేశాడు, ఆడవాళ్ళు అరిచారు, సూర్రావు అందరికీ దణ్ణం పెడుతూ ముడి చూపించాడు. జనం పగలబడి నవ్వుతున్నారు. వాళ్ళ ఊరి కరణంగారబ్బాయి, సూర్రావు ఈడువాడే, మెట్ల మీంచి కేకేశాడు. "ఒరేయ్ సూర్రావూ! ముసలితనంలో పెళ్ళాం కొంగు పట్టుకు తిరుగుతున్నావేంట్రా!"

"అవున్రా, తిరుగుతున్నాను!" అని సూర్రావు రేవంతా వినపడేలా అరిచాడు. "ఇరవై నాలుగేళ్ళ కిందట తిరగాల్సింది! సిగ్గుపడి చెడ్డాను! ఇంకా ఎవరైనా చూడనివాళ్ళుంటే రండి, చూడండి!"

మంగతాయారు పందిరి చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసింది. మూడోదానికి మోకాళ్ళు ఒప్పుకోలేదు. రేవు మెట్ల దగ్గర ఆగి, ఆయాసపడుతూ వెనక్కి తిరిగి ముడి చూసింది.

"ఇది పడవ తాడుకేసే ముడి" అంది. "సరిగంగకి ఇలా వెయ్యరు."

దాన్ని విప్పింది. సంచీలోంచి పసుపు కొమ్మూ, నాలుగు అక్షింతలూ తీసి కొంగు చివర పెట్టి, కండువా కొసని కలిపి తనే మళ్ళీ ముడేసింది. చెయ్యి చాచింది.

ఇంకా ఆరు నిమిషాలుంది. ద్వారం దగ్గర ధ్రువపత్రం చూసి సెల్యూట్ చేసి వదిలారు. నడుం లోతు నీళ్ళలోకి దిగారు. మూడు మునకలు వేశారు. మూడో మునక నించి లేచాక మంగతాయారు ఏడుస్తోందో, మొహం మీంచి గోదారి కారుతోందో సూర్రావుకి తెలియలేదు. అడిగే ధైర్యమూ లేదు. ఆవిడ చెయ్యి మాత్రం వదల్లేదు. ఆవిడా వదిలించుకోలేదు.

బయటికి పోవాలంటే 'అనుభూతి నమోదు కేంద్రం' దాటి పోవాలి. అక్కడి గుమాస్తా పత్రం ముందు పెట్టుకుని, మంగతాయారుని అడిగాడు.

"నేడు మీకు పరిచయమైన పరసంస్కృతి వ్యక్తి పేరు?"

"పంపన సూర్రావు."

"ఎంత కాలంగా పరిచయం?"

"గంటసేపైంది బాబూ."

గుమాస్తా రాసుకున్నాడు. "సదరు వ్యక్తితో సాంస్కృతిక సంబంధం కొనసాగించే ఉద్దేశం కలదా?"

"చూడాలి. ఇంకా ఏమేం చెప్పలేదో అంతా చెప్పాక ఆలోచిస్తాను" అంది మంగతాయారు. "నా సంగతలా ఉంచండి, ఆ రాజస్థాన్ ఆయన్ని వాళ్ళావిడ దగ్గరికి పంపించండి, పుణ్యముంటుంది."

"రేపు వీడ్కోలు ఉత్సవంలో వారికి సన్మానమమ్మా. నదిలోనే" అని, గుమాస్తా పత్రం మీద 'అనుభూతి సంపూర్ణం' అని ముద్ర కొట్టాడు. "ఇంక ముడి విప్పుకోవచ్చు."

"ఇంటికెళ్ళేదాకా ఉండనీండి" అంది మంగతాయారు, మొగుడి వైపు చూడకుండా.

ఊరికి బస్సులో రెండు గంటల ప్రయాణం. లాకుల దగ్గర ముప్పై అయిదేళ్ళ సర్వీసులో ఆవిడకి చెప్పనివి ఇంకా మూడో నాలుగో ఉన్నాయి. వాటిలో ఏది ముందు చెప్తే బాగుంటుందా అని, తడిబట్టల్తో ఆవిడ కొంగు వెనకాల బస్టాండుకి నడుస్తూ సూర్రావు ఆలోచించడం మొదలుపెట్టాడు.